రైతు ప్రశ్నలు, జవాబులు: కోవిడ్ కాలపు సాయం ఎవరి ఖాతాకు చేరింది?

ఈ నెల అందిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి ఉన్నాయి. కోవిడ్ రోజుల్లో రైతులకు, పశుపోషకులకు ప్రభుత్వాలు ఇచ్చిన డబ్బు ఎవరికి అందింది, ఎవరికి అందలేదు, అందనివారికి ఎందుకు అందలేదు అని విశాఖపట్నం నగరం నుంచీ చుట్టుపక్కల మండలాల నుంచీ పాఠకులు అడిగారు. పాత విశాఖపట్నం జిల్లా 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. అంతకు ముందటి సంగతులు కనుక ఈ జవాబుల్లో జిల్లా అంటే ఉమ్మడి జిల్లా అని గ్రహించగలరు. ఉత్తరాలు రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ప్రచురించడం లేదు.

ప్రశ్న (విశ్రాంత ఉపాధ్యాయులు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం): మా అమ్మాయి, అల్లుడుగారు అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో ఉంటున్నారు. తమ ప్రాంతంలోని పొలాలకు, పశువుల రాంచ్‌లకు కోవిడ్ సాయంగా ప్రభుత్వం ఎంతెంత ఇచ్చిందో అక్కడి స్థానిక పత్రికలో పేర్లతో సహా వచ్చిందని, కొందరికి లక్ష డాలర్లు దాటి అందాయని చెప్పారు. మా స్వగ్రామంలో మా తమ్ముడికి అదే సమయంలో 2,000 రూపాయలు పడ్డాయి. ఇంత తేడా ఎందుకు? ఇలా పేర్లు బయటపెట్టడం న్యాయమేనా?

జవాబు: ముందుగా అమెరికా సంగతి చెప్పుకుందాం. అక్కడి వ్యవసాయ శాఖ 2020 ఏప్రిల్ 17న 1,900 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. అందులో 1,600 కోట్లు రైతులకు, పశుపోషకులకు నేరుగా చెల్లించడానికి, మిగిలిన 300 కోట్లు పాలు, మాంసం, కూరగాయలు కొని పెట్టెల్లో సర్ది అవసరమైన కుటుంబాలకు అందించడానికి ఉద్దేశించారు. నేరుగా చెల్లించే భాగానికి కరోనావైరస్ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ అని పేరు పెట్టారు. మే 26న మొదలైన దరఖాస్తులు గడువు పొడిగించడంతో సెప్టెంబర్ 11 వరకు సాగాయి. అదే నెలలో రెండో విడత ప్రకటించి, దానికి మరో 1,400 కోట్ల డాలర్ల వరకు వెచ్చిస్తామన్నారు.

ఆ డబ్బు ఎలా పంచారో అర్థం కావాలంటే అక్కడ నష్టం ఎలా వచ్చిందో తెలియాలి. రాంచ్‌లో పెరిగిన పశువు వినియోగదారుడికి చేరాలంటే కొద్ది సంఖ్యలో ఉన్న భారీ మాంస కర్మాగారాల గుండానే పోవాలి. ఆ ఏప్రిల్‌లో కార్మికులకు జబ్బు సోకి అవి ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. దక్షిణ డకోటాలోని సూ ఫాల్స్ నగరంలో ఉన్న పంది మాంసం కర్మాగారం ఆగిపోవడం అప్పట్లో దేశమంతటా కలవరం కలిగించింది. కొనేవారు లేక రాంచ్ గేటు దగ్గర పశువు ధర కూలిపోయింది, దుకాణంలో మాంసం ధర మాత్రం పెరిగింది. అంటే పెంచినవాడి నష్టం కళ్లకు కనిపించేదే, కొలవడానికి వీలైనదే. అందువల్ల సాయం కూడా తలకు ఇంత అని లెక్కగట్టారు. 2020 జనవరి 15 నుంచి ఏప్రిల్ 15 మధ్య అమ్మిన దూడ 600 పౌండ్ల లోపుదైతే 102 డాలర్లు, అంతకు మించినదైతే 139 డాలర్లు, మేపి కోతకు సిద్ధం చేసిన పశువైతే 214 డాలర్లు ఇచ్చారు. ఆ తర్వాత నెల రోజుల్లో అమ్ముడుపోక చేతిలో మిగిలినవాటికి తలకు 33 డాలర్లు చొప్పున కట్టారు. 600 పౌండ్లు దాటిన దూడలు వంద అమ్మిన రాంచ్‌కు ఆ ఒక్క పద్దు కిందే 13,900 డాలర్లు వస్తాయి. ఒక వ్యక్తికి గరిష్ఠ పరిమితి రెండున్నర లక్షల డాలర్లు. ముగ్గురు భాగస్వాములు స్వయంగా పనిచేసే కంపెనీకైతే ఏడున్నర లక్షల వరకు అనుమతించారు. మీ అల్లుడుగారు చూసిన పెద్ద అంకెలు ఇలా వచ్చినవే. మంద ఎంత పెద్దదైతే చెక్కు అంత పెద్దదవుతుంది కనుక పెద్ద రైతులకే ఎక్కువ పోయిందన్న విమర్శ అక్కడ గట్టిగా వినిపించింది, అది నిజమైన విమర్శ.

మన దగ్గర దారి వేరు. 2020 మార్చి 26న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించిన 1.70 లక్షల కోట్ల రూపాయల గరీబ్ కల్యాణ్ ప్యాకేజీలో రైతుల వంతుగా చెప్పింది, పీఎం కిసాన్ కింద 8.7 కోట్ల మందికి ఏప్రిల్ మొదట్లోనే 2,000 రూపాయల చొప్పున వేస్తామని. లెక్క కడితే 17,400 కోట్ల రూపాయలు. అయితే పీఎం కిసాన్ 2019 ఫిబ్రవరిలోనే మొదలైన పథకం. ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతల్లో ఇస్తామన్నది అప్పటికే ఉన్న మాట, ఏప్రిల్ నుంచి జూలై లోపు ఎప్పుడైనా రావలసిన విడతను ముందుకు జరిపారు. రాష్ట్రంలోనూ ఇదే జరిగింది. కేంద్రం సొమ్ముతో కలిపి ఏడాదికి 13,500 రూపాయలిచ్చే రైతు భరోసా 2019 అక్టోబర్‌లో మొదలైంది. రెండో ఏడాది తొలి విడత 7,500 రూపాయల్లో ఏప్రిల్‌లో పడిన 2,000 పోగా, మిగిలిన 5,500 రూపాయలను 2020 మే 15న ఖాతాల్లో వేశారు.

కాబట్టి మీ తమ్ముడుగారికి పడిన 2,000 రూపాయలను కోవిడ్ నష్టానికి పరిహారం అనుకోవడం సరికాదు. ఆయన పంట ధర ఎంత పడిపోయింది, ఎంత సరుకు పొలంలోనే కుళ్లిపోయింది అని ఎవరూ అడగలేదు, అడిగే ఏర్పాటు ఆ పథకంలో లేదు. అయినా ఆ డబ్బును తక్కువ చేసి మాట్లాడను. రవాణా ఆగి, కూలి పనులు ఆగి, చేతిలో రూపాయి ఆడని ఆ రోజుల్లో దరఖాస్తు లేకుండా, ఆఫీసుకు వెళ్లకుండా ఖాతాలో పడిన సొమ్ము ఎన్నో ఇళ్లలో విత్తనానికో, మందులకో అక్కరకొచ్చింది. అమెరికాలో నష్టం కొలిచి ఇచ్చారు, ఇక్కడ భూమి రికార్డు చూసి ఇచ్చారు. మొదటిదానిలో పెద్దవారు ఎక్కువ పొందారు, రెండోదానిలో రికార్డు లేనివారు అసలు పొందలేదు. కింది ఉత్తరాలు చాలావరకు ఆ రెండో కోవకు చెందినవారివే.

ఇక పేర్ల సంగతి. ప్రజాధనం ఏ రైతుకు ఎంత చేరిందన్నది అమెరికాలో సమాచార చట్టం కింద ఎవరైనా అడిగి తెలుసుకోవచ్చు. ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ అలాంటి చెల్లింపులను చాలా ఏళ్లుగా పేర్లతో ప్రజల ముందు పెడుతోంది. మన రాష్ట్రంలో రైతు భరోసా జాబితాలను గ్రామ సచివాలయాల్లో సామాజిక తనిఖీ కోసం అతికించారు. నా దృష్టిలో ఇది న్యాయమే, అవసరం కూడా. ఊళ్లో ఎవరు నిజంగా సాగు చేస్తున్నారో, ఎవరు పట్నంలో ఉంటూ డబ్బు తీసుకుంటున్నారో పైఅధికారి కంటే పక్క పొలం రైతుకే బాగా తెలుసు. బ్యాంకు ఖాతా, ఆధార్, ఫోన్ నంబర్లు మాత్రం ఆ కాగితం మీద ఉండకూడదు.

ప్రశ్న (కౌలు రైతు, పద్మనాభం మండలం): చాలా ఏళ్లుగా రెండెకరాలు కౌలుకు చేస్తున్నాను. సొంత భూమి సెంటు కూడా లేదు. 2020లో పంట అమ్మలేక అప్పులపాలయ్యాను. సాయం మాత్రం భూమి యజమాని ఖాతాలో పడింది. ఆయన చెడ్డవారు కారు కానీ ఆ డబ్బులో నాకేమీ రాలేదు. నాకు హక్కు లేదా?

జవాబు: మీ ఉత్తరం చదివాక చాలాసేపు మరో ఉత్తరం విప్పలేకపోయాను. మీకు జరిగింది అన్యాయమే, కానీ అది మీ భూయజమాని చేసిన అన్యాయం కాదు, పథకం తీరులోనే ఉన్నది. పీఎం కిసాన్ నిబంధనల ప్రకారం సాగు భూమి రైతు కుటుంబం పేరున రికార్డులో ఉండాలి. కౌలు చేసేవారికి అందులో చోటు లేదు, ఇవాళ్టికీ లేదు. నాగలి పట్టేది ఎవరన్నది ఆ పథకానికి సంబంధం లేని విషయం.

రాష్ట్ర పథకంలో మాత్రం మీకు దారి ఉండేది. భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలు రైతులకు 13,500 రూపాయలూ రాష్ట్ర ప్రభుత్వమే తన ఖజానా నుంచి ఇస్తుందని రైతు భరోసాలో నిబంధన ఉండేది. దానికి పంట సాగుదారు హక్కు పత్రం కావాలి. దీన్నే అందరూ సీసీఆర్సీ కార్డు అంటున్నారు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద యజమాని, కౌలుదారు ఇద్దరూ సంతకం చేసిన ఒప్పందం మీద గ్రామ స్థాయిలోనే దీన్ని ఇస్తారు. పదకొండు నెలల వరకే చెల్లుతుంది కనుక ఏటేటా కొత్తగా తీసుకోవాలి.

ఇక్కడే చిక్కు వచ్చింది. సంతకం పెడితే రేపు భూమి మీదికి వస్తాడేమోనని యజమానుల భయం, అడిగితే వచ్చే ఏడాది కౌలుకు ఇవ్వరేమోనని కౌలుదార్ల భయం. మన ప్రాంతంలో కౌలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది, పరిచయం, పరువు తప్ప దానికి పూచీ లేదు. ఆ చట్టం భూమి మీద యజమాని హక్కును ఏ విధంగానూ తగ్గించదు, కార్డు చూపి కౌలుదారు భూమిని తనదనే వీలు లేదు, పదకొండు నెలల గడువు పెట్టిందే అందుకు. ఈ మాట మీ యజమానితో మీరు ఒంటరిగా చెప్పడం కష్టం. గ్రామ వ్యవసాయ సహాయకుణ్ణి గాని, ఊళ్లో ఆయన మాట వినే పెద్దమనిషిని గాని వెంటబెట్టుకుని వెళ్లండి. ఖరీఫ్ నాట్లు పడ్డాక కాదు, దుక్కి దున్నే ముందే వెళ్లండి.

కార్డు ఉన్నా లేకున్నా మీరు వేసిన పంట మీ పేరున ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ పంటల లెక్కలో) నమోదు కావాలని పట్టుబట్టండి. పంట నష్టానికి ఇచ్చే సాయానికి, బీమాకు, ప్రభుత్వ కొనుగోలుకు దాన్నే చూస్తారు. యజమాని పేరున నమోదైతే 2020లో జరిగిందే మళ్లీ జరుగుతుంది. ఇప్పుడు నడుస్తున్న అన్నదాత సుఖీభవ పథకం కేంద్రం సొమ్ముతో కలిపి ఏడాదికి 20,000 రూపాయలుగా ఉంది. అందులోనూ కౌలు రైతు అనిపించుకోవడానికి ఈ కార్డే ఆధారం. పాత రైతు భరోసా కేంద్రాలనే ఇప్పుడు రైతు సేవా కేంద్రాలంటున్నారు, విచారించవలసింది అక్కడే.

2020లో పోయిన సొమ్మును ఇప్పుడు తిరిగి ఇప్పించే మార్గం నాకు కనిపించడం లేదు. ఆశ పెట్టడం కంటే ఈ మాట సూటిగా చెప్పడమే మీపట్ల గౌరవమని భావిస్తున్నాను.

ప్రశ్న (పూల రైతు, ఆనందపురం): మాది బంతి, చామంతి, కనకాంబరం సాగు. 2020 వేసవిలో గుళ్లు మూసేశారు, పెళ్లిళ్లు ఆగిపోయాయి. కోసిన కూలి కూడా రాదని పూలను చెట్ల మీదే వదిలేశాం. కూరగాయల రైతులకు రవాణా రాయితీ వచ్చిందన్నారు. పూలకు ఏమీ రాలేదా?

జవాబు: రాలేదు. కేంద్రం 2020 మేలో ఆత్మనిర్భర్ ప్యాకేజీలో భాగంగా, అంతకు ముందు టమాటా, ఉల్లి, బంగాళాదుంపలకే ఉన్న పథకాన్ని అన్ని పండ్లకు, కూరగాయలకు విస్తరించి 500 కోట్ల రూపాయలు కేటాయించింది. సరుకు ఎక్కువగా ఉన్నచోటి నుంచి తక్కువగా ఉన్నచోటికి తరలించే ఖర్చులో సగం, నిల్వ ఖర్చులో సగం ఇస్తామన్నది. పువ్వు ఆ జాబితాలో లేదు. ఉన్నా మీకు పెద్దగా ఉపయోగపడేది కాదని నా అభిప్రాయం, ఎందుకంటే మీ కష్టం లారీ దొరకకపోవడం ఒక్కటే కాదు, లారీ ఎక్కించినా చేరవేయడానికి తెరిచి ఉన్న గుడి లేదు. ఆ ఏడాది ఏప్రిల్ 26న సింహాచలం అప్పన్న చందనోత్సవమే భక్తులు లేకుండా జరిగింది. మీ మార్కెట్‌కు ఏటా ఆ ఒక్క పండగ ఎంత విలువైనదో నేను మీకు చెప్పనక్కరలేదు.

అమెరికా పథకంలోనూ మొదట పూలకు చోటు లేదు. పూల రైతులు, నర్సరీల వాళ్లు తమ నష్టాన్ని అంకెలతో సహా వ్యవసాయ శాఖకు పంపాక 2020 ఆగస్టులో నర్సరీ మొక్కలను, కోసి అమ్మే పూలను చేర్చి గడువు కూడా పెంచారు. చెట్టు మీద వదిలేసిన సరుకును కూడా లెక్కలోకి తీసుకోవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ అలా నష్టాన్ని లెక్క చూపాలంటే మామూలు ఏడాదిలో ఎంత అమ్మారో చెప్పే చీటీలు చేతిలో ఉండాలి. మన పూల మార్కెట్లో కమీషన్ వ్యాపారి ఇచ్చే చీటీని సాయంత్రానికి పారేయడం అలవాటు. దయచేసి వాటిని దాచండి. మీ ఆనందపురం, భీమునిపట్నం వైపు పూల రైతులు సంఘంగా ఏర్పడితే, మళ్లీ ఇలాంటి ఆపద వచ్చినప్పుడు ఉద్యాన శాఖ ముందు పెట్టడానికి చేతిలో ఒక లెక్క ఉంటుంది.

ప్రశ్న (కోళ్ల ఫారం యజమాని, అనకాపల్లి దగ్గర): కంపెనీ పిల్లలు, దాణా ఇస్తే పెంచి ఇస్తాం, కిలోకు ఇంత అని పెంపకం చార్జీ తీసుకుంటాం. 2020లో కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారుతో ధర పడిపోయింది. కంపెనీ కొన్ని నెలలు పిల్లలు వేయలేదు. షెడ్డు ఖాళీగా ఉన్నా బ్యాంకు వాయిదా ఆగలేదు. మాలాంటివారికి ఎక్కడైనా సాయం ఇచ్చారా?

జవాబు: ఇక్కడ ఇవ్వలేదు. కోడి మీది కాదు కనుక కోడి నష్టం మీది కాదన్నారు, సాగు కాదు కనుక రైతు పథకాల్లోకి రారన్నారు. షెడ్డు అప్పు మాత్రం మీదే. కోడిమాంసంతో వైరస్ సోకదని అధికారులు పదేపదే చెప్పినా, ఆ మాట జనానికి చేరేలోపు 2020 ఫిబ్రవరి, మార్చి నెలలు గడిచిపోయాయి.

అమెరికాలో కూడా మీలాంటి కాంట్రాక్టు పెంపకందార్లను మొదటి రెండు విడతల్లోనూ వదిలేశారు. అక్కడి బ్రాయిలర్ కోళ్లలో అత్యధికం ఇదే పద్ధతిలో పెరుగుతాయి. 2020 డిసెంబర్‌లో చేసిన చట్టంతో వారికోసం 100 కోట్ల డాలర్ల వరకు కేటాయించారు. 2020లో వారి రాబడి 2018తో గాని 2019తో గాని పోల్చితే ఎంత తగ్గిందో చూసి, ఆ తగ్గుదలలో 80 శాతం వరకు ఇచ్చారు. ఆ డబ్బు కోసం వారు 2021 ఆగస్టు దాకా వేచి ఉండవలసి వచ్చింది, అయినా పిల్లలు రాని ఖాళీ షెడ్డు కూడా నష్టమేనని ఆ లెక్క ఒప్పుకుంది. మన పెంపకందార్ల సంఘాలు అడగవలసింది సరిగ్గా ఇదే అని నా నమ్మకం. బ్యాచ్ బ్యాచ్‌కూ కంపెనీ ఇచ్చే సెటిల్‌మెంట్ కాగితాలు ఏళ్లవారీగా దాచుకున్నవారికే ఆ మాట అడిగే బలం ఉంటుంది. కంపెనీతో చేసుకునే ఒప్పందంలో పిల్లలు వేయని నెలలకు కనీస చార్జీ రాయించుకోవడం కూడా సంఘంగా పోరాడవలసిన విషయమే, ఒక్కరు అడిగితే మరుసటి బ్యాచ్ పక్క షెడ్డుకు పోతుంది.

ప్రశ్న (గృహిణి, చోడవరం మండలం): మాకు మూడు గేదెలు. లాక్‌డౌన్‌లో హోటళ్లు, టీ కొట్లు మూసేయడంతో పాలు మిగిలిపోయేవి. గేదెలకు అమెరికాలో లాగా డబ్బు ఇచ్చారా?

జవాబు: అమెరికాలో పాడి రైతుకు పశువును బట్టి కాక పాల తూకాన్ని బట్టి ఇచ్చారు అమ్మా. 2020 మొదటి మూడు నెలల్లో ఎంత పాలు పోశారో అదే ఆధారం. మన దగ్గర పాడి రైతు ఖాతాకు నేరుగా డబ్బు వేయలేదు. లాక్‌డౌన్‌లో దేశంలో పాల గిరాకీ 20 నుంచి 25 శాతం పడిపోయిందని, సహకార సంఘాలు రోజుకు 560 లక్షల లీటర్లు సేకరిస్తుంటే అమ్ముడవుతున్నది 360 లక్షల లీటర్లేనని అప్పుడు కేంద్రం చెప్పింది. మిగిలిన పాలను పొడిగా, వెన్నగా మార్చి నిల్వ చేసిన సహకార డెయిరీలకు వారి అప్పుల మీద 2 శాతం వడ్డీ రాయితీ, సకాలంలో కడితే మరో 2 శాతం ఇచ్చారు. ఆ మేలు మీదాకా వచ్చిందా అంటే, మీ కేంద్రం పాలు తిప్పిపంపకుండా తీసుకుంటే కొంత వచ్చినట్టే. కేంద్రంలో పోయకుండా టీ కొట్టుకు, ఇళ్లకు పోసినవారికి ఏమీ రాలేదు.

మీకు ఇప్పటికీ పనికివచ్చేది కిసాన్ క్రెడిట్ కార్డు. పాడికి, కోళ్లకు, చేపలకు కూడా దీన్ని 2019 నుంచి ఇస్తున్నారు. 2020 జూన్, జూలై నెలల్లో పాల సంఘాల్లో, పాల ఉత్పత్తిదారుల కంపెనీల్లో ఉన్న కోటిన్నర మంది కోసం ప్రత్యేక డ్రైవ్ కూడా నడిపారు. మేత, దాణా ఖర్చులకు 2 లక్షల రూపాయల వరకు 7 శాతం వడ్డీకి ఇస్తారు, గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది. ఇది అప్పు, సాయం కాదు. కానీ దాణా వ్యాపారి దగ్గర నూటికి రెండు మూడు రూపాయల నెలవడ్డీకి తెచ్చుకునే ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు. భూమి లేకపోయినా, కార్డు మీ పేరునే తీసుకోవచ్చు.

ప్రశ్న (రైతు, సబ్బవరం): 2020లో ట్రాక్టర్ వాయిదాలు ఆరు నెలలు ఆపారు. తర్వాత వడ్డీ మీద వడ్డీ తిరిగి ఇచ్చారని విన్నాను. నాకు రాలేదు.

జవాబు: 2020లో ప్రకటించిన పథకం కింద మీకు రాదు. రిజర్వు బ్యాంకు 2020 మార్చి నుంచి ఆగస్టు వరకు వాయిదాలు వాయిదా వేసుకునే వీలిచ్చింది కాని ఆ కాలానికి వడ్డీ పడుతూనే ఉంది. చక్రవడ్డీ తేడాను తిరిగి ఇచ్చిన పథకం ఎనిమిది రకాల అప్పులకే వర్తించింది. పంట రుణాలు, ట్రాక్టర్ రుణాలు వాటిలో లేవని ఆర్థిక శాఖ 2020 అక్టోబర్‌లో స్పష్టంగా చెప్పింది. అయితే 2021 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక, ఆ ఆరు నెలల్లో వేసిన వడ్డీ మీద వడ్డీని రుణగ్రహీతలందరికీ తిరిగి ఇవ్వాలని లేదా ఖాతాలో సర్దాలని రిజర్వు బ్యాంకు ఏప్రిల్‌లో ఆదేశించింది, కనుక మీ ఖాతా సంగతి బ్యాంకులో అడగండి. పంట రుణం తీసుకున్నవారికి ఆగస్టు 31 దాకా గడువు పెంచి, అప్పటిలోగా కట్టినవారికి 4 శాతం వడ్డీనే ఉంచారు. ఇల్లు, కారు, క్రెడిట్ కార్డు అప్పులకు 2020లో ఇచ్చిన ఊరటను అప్పుడే ట్రాక్టరుకు ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ సమంజసంగా తోచదు.

ప్రశ్న (కాఫీ రైతు, అరకులోయ): మాకు అటవీ హక్కుల పట్టా ఉంది. కొండ మీద కాఫీ, మిరియాలు పండిస్తాం. పట్టా భూమి వెబ్‌ల్యాండ్‌లో (రాష్ట్ర ఆన్‌లైన్ భూమి రికార్డుల్లో) కనిపించదని ఒకరు, రైతు భరోసా వస్తుందని ఒకరు అన్నారు. ఏది నిజం?

జవాబు: అటవీ హక్కుల పట్టా ఉన్న సాగుదార్లకు రైతు భరోసా కింద 13,500 రూపాయలూ రాష్ట్రమే ఇచ్చేలా నిబంధన పెట్టారు. 2020 అక్టోబర్ 2న రాష్ట్రంలో పెద్ద ఎత్తున పట్టాలు పంచారు, మన ఏజెన్సీ మండలాల్లో చాలా కుటుంబాలు తొలిసారి సాయం అందుకున్నది ఆ తర్వాతే. ఇప్పటి అన్నదాత సుఖీభవ పథకానికి మీ పేరు జాబితాలో ఉందో లేదో గ్రామ సచివాలయంలో చూసుకోండి, లేకపోతే పట్టా నకలు, ఆధార్, బ్యాంకు పుస్తకంతో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పట్టాదారు చనిపోయి వారసుల పేరుకు మారని ఇళ్లలోనే ఎక్కువ ఇబ్బంది వస్తుంది కనుక ఆ మార్పిడిని మాత్రం వాయిదా వేయకండి.

ప్రశ్న (విశ్రాంత ఉద్యోగి, గాజువాక): నేను ప్రభుత్వ రంగ కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. శ్రీకాకుళం జిల్లాలో నా భార్య పేరున ఒకటిన్నర ఎకరం ఉంది. 2020 నుంచి ఆమె ఖాతాలో పీఎం కిసాన్ పడింది. ఇప్పుడు వెనక్కి కట్టమంటున్నారు. భూమి ఆమెది, ఉద్యోగం నాది. కట్టాలా?

జవాబు: కట్టాలి. ఆ పథకంలో కుటుంబం అంటే భర్త, భార్య, మైనర్ పిల్లలు. కుటుంబంలో ఒక్కరు కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల్లో గాని ప్రభుత్వ రంగ సంస్థల్లో గాని ఉద్యోగి అయినా, రిటైరైనా, నాలుగో తరగతి ఉద్యోగులను మినహాయిస్తే, కుటుంబం మొత్తం అనర్హమవుతుంది. ఆదాయపు పన్ను కట్టేవారికీ, నెలకు 10,000 రూపాయలు లేదా అంతకు మించి పెన్షన్ వచ్చేవారికీ, వృత్తిలో ఉన్న డాక్టర్లు, ఇంజనీర్లు, లాయర్లకూ ఇదే నియమం. దేశం మొత్తం మీద సుమారు 42 లక్షల మంది అనర్హులకు దాదాపు 3,000 కోట్ల రూపాయలు వెళ్లాయని 2021 జూలైలో పార్లమెంటుకు చెప్పారు. వారిలో చాలామంది మీలాగే నిబంధన తెలియక తీసుకున్నవారై ఉంటారు, కనుక దీన్ని అవమానంగా భావించవలసిన పని లేదు.

పీఎం కిసాన్ పోర్టల్‌లో సొమ్ము తిరిగి చెల్లించే ఏర్పాటు ఉంది. ఆధార్ నంబరు ఇస్తే ఎన్ని విడతలు పడ్డాయో కనిపిస్తుంది, కట్టాక వచ్చే రసీదును మండల వ్యవసాయ అధికారికి ఇచ్చి మీ దగ్గర ఒక నకలు ఉంచుకోండి. ఫోన్ చేసి ఖాతా వివరాలో ఓటీపీయో అడిగేవారికి ఏదీ చెప్పకండి, సందేహం ఉంటే 155261 నంబరుకు మీరే ఫోన్ చేయండి. ఉత్తరం చివర మీ పెద్దబ్బాయి ఊళ్లోనే సాగు చేస్తున్నాడని రాశారు. ఆయన మేజరు కనుక నిబంధనల ప్రకారం వేరే కుటుంబం. భూమి 2019 ఫిబ్రవరి 1 నాటికే ఆయన పేరున ఉండి, ఆయనకు పైన చెప్పిన అనర్హతలేవీ లేకపోతే విడిగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ తేదీ తర్వాత దానంగానో కొనుగోలుగానో పేరు మారితే చెల్లదు, యజమాని మరణం వల్ల వారసత్వంగా వచ్చినప్పుడు మాత్రమే మినహాయింపు ఉంది.